ఖాళీ కాగితం అనుకున్నాను

ముప్పై నాలుగేళ్లకే రిటైరయ్యానంటే మా ఇంట్లోవాళ్లే నవ్వుతారు. మానేశానని చెప్పమంటారు. తొమ్మిదేళ్లు చేసిన పనిలోకి ఇక వెళ్లనని తెలిసి బయటికి వచ్చాను కాబట్టి నాకు ఆ మాటే సరిగ్గా అనిపిస్తుంది.

మార్కమ్‌లో పాత చైనా చిత్రాలకు, చుట్టి దాచే పొడవాటి స్క్రోళ్లకు మరమ్మతు చేసే చిన్న స్టూడియో అది. పోయిన నెల నా టేబుల్ ఖాళీ చేశాను. దాని ముందు కూర్చోబోయే అమ్మాయి హారిక. వరంగల్ నుంచి వచ్చి సస్కటూన్‌లో కెమిస్ట్రీ మాస్టర్స్ చేసింది. నేను తెలుగుదాన్నని ఎవరో చెబితే ఫోన్ చేసింది.

"అక్కా, రోజంతా అక్కడ అసలేం చేస్తరు? చైనీస్ రాకపోతే ఉంచుకుంటరా?"

"నాకూ రాదు. బొమ్మల మీది ఎర్ర ముద్రల్లో కొన్ని పేర్లు గుర్తుపట్టడం వచ్చింది, అంతే."

"మరి కష్టం ఏంది అందులో? కెమికల్సా?"

జవాబు చెప్పేలోపు మా పాప మీనూ లేచి ఏడ్చింది. ఫోన్ పెట్టేశాను. తర్వాత మూడుసార్లు టైప్ చేసి డిలీట్ చేశాను. మెసేజ్‌లో పట్టే జవాబు కాదు. అందుకే పాప నిద్రపోయాక, మధ్యమధ్య లేచి దాని ఊపిరి వినొస్తూ ఇది రాస్తున్నాను. హారిక లాంటివాళ్ల కోసం. జీతం, ప్రమోషన్, పర్మనెంట్ రెసిడెన్సీ ఫైలు గురించి ఇందులో ఏమీ ఉండదు. అవి అందరూ చెబుతారు.

గంజి

మొదటి ఏడాది నేను ఏ చిత్రాన్నీ ముట్టుకోలేదు. మా స్టూడియో యజమాని లియావ్ మాస్టర్ నాచేత గంజి కాయించారు. గోధుమపిండి ముద్దను నీళ్లలో పిసికి, జిగురంతా తీసేసి, అడుగున దిగిన తెల్లటి పిండిని రోజూ నీళ్లు మార్చి ఊరబెట్టి, తర్వాత సన్నటి సెగ మీద కలుపుతూ ఉడికించాలి. చీరలకు గంజి పెట్టే ఇంట్లో పెరిగినదాన్ని కాబట్టి ఇదేం విద్య అనుకున్నాను. మొదటి గిన్నె చిక్కగా, గట్టిగా అంటుకునేలా కాచి గర్వంగా చూపించాను.

మాస్టర్ వేలితో తీసి చూశారు. "దీంతో షూ అతికించుకో," అన్నారు.

స్క్రోల్ వెనక అతికించే కాగితం ఊడకుండా ఉండాలి. కానీ వందేళ్ల తర్వాత ఇంకెవరో వచ్చి నీళ్లు అద్దితే నొప్పి లేకుండా విడిపోవాలి. అంత బలహీనంగా ఉండాలి గంజి. మన తర్వాత వచ్చేవాడు మన పనిని విప్పగలగాలి. నాకు ఆ సంగతి తలకెక్కడానికి ఏడాది పట్టింది. చేతికెక్కడానికి ఇంకా ఎక్కువ పట్టింది.

ఇంకోటి, ఇక్కడి చలికాలం. గదులు వేడిచేసే ఫర్నేస్ మొదలుపెట్టగానే గాలిలో తడి పోతుంది. తడి చిత్రాన్ని అంచులకు గంజి రాసి గోడలాంటి చెక్కకు అతికించి ఆరబెడతాం. ఆరే కొద్దీ అది డప్పు తోలులా బిగుస్తుంది. గాలి మరీ పొడిగా ఉంటే నడిమికి చిరిగిపోతుంది. వారాల తరబడి ఆ చెక్క ముందు నుంచి నడుస్తూ, గాలికి తడినిచ్చే హ్యుమిడిఫయర్లో నీళ్లు చూసుకుంటూ, ఏమీ చేయకుండా ఉండడమే పని. నా స్వభావానికి అది పడదు. నేను కుక్కర్ విజిల్ రాకముందే పక్కన నిలబడే మనిషిని.

సిరా రాయి

రెండో ఏడాది ఒక సిరా రాయి వచ్చింది. సిరా కడ్డీని నీళ్లతో అరగదీయడానికి పండితులు వాడిన నల్లటి రాతి పలక. దాని గుంటలో పాత సిరా పొరలు పొరలుగా గట్టిపడి ఉంది. వస్తువు స్థితి రాసే రిపోర్టులో "మురికి" అని రాసి, రెండు రోజులు కష్టపడి రాయి తళతళలాడేలా కడిగాను.

మాస్టర్ దాన్ని చాలాసేపు చేతిలో తిప్పారు. అరవలేదు. "ఇందులో ఎవరు ఎన్నేళ్లు రాసుకున్నారో అదంతా సింక్‌లో పోయింది," అన్నారు.

సింక్ వైపు చూడడానికి కూడా సిగ్గేసింది. మా అమ్మమ్మ దోసెల పెనాన్ని కొత్త కోడలు సబ్బు పెట్టి తోమినరోజు ఇంట్లో ఎంత గొడవైందో నాకు తెలుసు. తెలిసీ అదే పని చేశాను. కెమిస్ట్రీ చదివినవాళ్లకు మురికి కనిపిస్తే చెయ్యి ఆగదు, హారికా. ముందుగా ఆ చెయ్యి గురించే జాగ్రత్త.

వాళ్ల తీరిక

మా దగ్గరికి వచ్చేవన్నీ తీరిక వస్తువులే. గుచిన్ అనే ఏడు తీగల వాద్యం బొమ్మలు. నల్ల తెల్ల రాళ్లతో ఆడే వేచీ ఆట బొమ్మలు. రాత, చిత్రం. వాటి వెంట టీ, ధూపం, ఒక కుండీలో ఒక్క పూలకొమ్మ, వంకర రాళ్లు. పాతకాలపు చైనాలో చదువుకున్నవాడికి వాద్యం, ఆట, రాత, చిత్రం నాలుగూ వస్తేనే మనిషి కింద లెక్క. ఒక వెదురు తోపులో నలుగురు కూర్చుంటారు. ఒకడు వాయిస్తాడు, ఒకడు రాస్తాడు, ఒకడు ఆటలో ఎత్తు ఆలోచిస్తాడు, ఒకడు ఊరికే కొండను చూస్తాడు. వందల బొమ్మలు ఇలాంటివే చూశాను.

మొదట్లో అసూయ పడేదాన్ని. తర్వాత కోపం వచ్చింది. ఏ బొమ్మలోనూ ఉయ్యాల లేదు, వంట చేసే ఆడది లేదు. వీళ్లు ఇలా కొండను చూస్తూ ఉంటే ఇంట్లో పిల్లాడికి జ్వరం వస్తే ఎవరు చూశారు? మాస్టర్‌ను అడిగేశాను కూడా.

"వాళ్లలో చాలామంది ఉద్యోగం ఊడినవాళ్లు," అన్నారు ఆయన. "రాజుకు నచ్చని మాట రాసినవాళ్లు. రేపు ఎవరు తలుపు కొడతారో తెలియక భయపడినవాళ్లు. భయం లేనివాడికి అంత నెమ్మదిగా టీ తాగాల్సిన అవసరం ఏముంది?"

ఆ మాట పూర్తిగా నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. కొంతమంది మాత్రం కేవలం డబ్బున్నవాళ్లే. ఇప్పుడూ ఉన్నారు. గుచిన్ కొని, తీగలు వదులు చేసి గోడకు తగిలించి, దాని ముందు ధూపం వెలిగించి ఫోటోలు పెట్టేవాళ్ల పని కూడా చేశాను. కానీ ఆ మాట విన్నాక ఆ బొమ్మల్లో మనుషుల భుజాలు చూడడం మొదలుపెట్టాను. కొందరి భుజాలు నిజంగానే బిగుసుకుని ఉంటాయి.

నలుగురి స్క్రోల్

ఇక నేను చేసిన తప్పు.

గావ్ గారు విండ్సర్‌లో కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. ఒక చలికాలం ఉదయం హైవే మీద నాలుగు గంటలు డ్రైవ్ చేసుకుని, పిల్లను పడుకోబెట్టినట్టు పక్క సీట్లో స్క్రోల్ పెట్టుకుని వచ్చారు. పాతకాలపు వస్తువు కాదది. ముప్పై ఏళ్ల కిందట, ఆయన మార్కమ్‌లో ఉన్న రోజుల్లో, నలుగురు స్నేహితులు ప్రతి ఆదివారం ఒకరి బేస్‌మెంట్లో కలిసేవారట. ఒకాయన గుచిన్ వాయించేవాడు. ఒకాయన బొమ్మలు వేసేవాడు. గావ్ గారు, షెన్ అనే లెక్కల మాస్టారు వేచీ ఆడేవారు. బొమ్మలేసే ఆయన ఆ నలుగురినీ వెదురు తోపులో కూర్చున్నట్టు వేశాడు. బేస్‌మెంట్లో వెదురు లేదు, వాషింగ్ మెషీన్ ఉండేదని గావ్ గారు నవ్వారు.

ఇలాంటి స్క్రోల్‌కు ఒక ఆచారం ఉంది. బొమ్మ అయిపోయాక పక్కన కాగితం అతికిస్తారు. చూసినవాళ్లు, స్నేహితులు అక్కడ తమ మాట రాసి ముద్ర వేస్తారు. ముగ్గురు రాశారు. షెన్ గారు రాయలేదు. ఇంకా బాగా ఆలోచించి వచ్చే ఆదివారం రాస్తానంటూ ఏళ్లు గడిపేశారు. వాయించే ఆయన, బొమ్మలేసే ఆయన చనిపోయారు. షెన్ గారికి పార్కిన్సన్స్ వచ్చింది. మా స్టూడియోకు పది నిమిషాల దూరంలో కేర్ హోమ్‌లో ఉన్నారు.

"డాక్టర్ చెప్పింది, వేసవికి పెన్ను పట్టుకోలేడని," అన్నారు గావ్ గారు. "స్క్రోల్ మడతలు పడి విరుగుతోంది. మీరు బాగుచేసి ఇస్తే వాడిచేత రాయిస్తాను. ఆ ఒక్కటి మిగిలింది, మిస్ సుధా."

అప్పటికి నేను ప్రసూతి సెలవు ముగించుకుని చేరి రెండు నెలలు. మీనూ డేకేర్‌లో వారానికోసారి జ్వరం తెచ్చుకునేది. ఆ రోజు నీళ్లతో స్క్రోల్ అతుకులు విడదీస్తున్నాను. మూడు రాతల తర్వాత మూరెడు ఖాళీ కాగితం. సగం గోధుమరంగు మచ్చలు. అతుకు దగ్గర అంచు మీద నాలుగు చిన్న ఎర్ర మరకలు, సగం సగంగా. స్క్రోల్ చుట్టి ఉంచితే ముద్రల్లోని నూనె ఎదుటి పొరకు అంటుకుంటుంది. అలాంటి మరకలు చాలా చూశాను. ఇవీ అవే అనుకున్నాను. డేకేర్ నుంచి ఫోన్ వచ్చింది, పాప వాంతి చేసుకుంది రమ్మని. రిపోర్టులో ఆ కాగితం పక్కన "ఖాళీ, మచ్చలు, మార్చాలి" అని రాసి పరుగెత్తాను.

మర్నాడు శుభ్రమైన కొత్త కాగితం సిద్ధం చేసి ఆ స్థానంలో అతికించాను. పాత కాగితంలో మచ్చలు లేని సగం కోసి వేరే చిత్రానికి చిల్లులు పూడ్చడానికి వాడేశాను. మాస్టర్‌కు చూపించాలి. చూపించలేదు. ఆయన ఆ వారం ఫ్లూతో రాలేదు, నాకు ముగించెయ్యాలన్న తొందర.

ఆ వారం చివర, పని ఎంతదాకా వచ్చిందో చూడాలని గావ్ గారు వచ్చి టేబుల్ మీద స్క్రోల్ విప్పారు. వెదుళ్లు, నలుగురు, మూడు రాతలు. తర్వాత కొత్త తెల్ల కాగితం. ఆయన చెయ్యి అతుకు మీద ఆగింది.

"షెన్ ఏడీ?"

అర్థం కాలేదు నాకు. ఆయన అతుకు మీద వేలు పెట్టి చూపించారు. మూడో రాత పక్కన, అంచులో, నాలుగు సగం ముద్రలు. కాగితం కాగితాన్ని కలిసే చోట, సగం ఇటు సగం అటు పడేలా నలుగురూ ముద్రలు వేశారు. షెన్ గారు రాయకుండా తప్పించుకుంటున్నారని మిగతా ముగ్గురూ పట్టుబట్టి, రాతకు ముందే ఆయనచేత ఆ అతుకు మీద ముద్ర వేయించారట. ఆ ఖాళీ ఆయనది, ఇంకెవరిదీ కాదు అని.

నేను మరకలనుకున్నవి ఆ ముద్రల రెండో సగాలు.

"పాతది పారేశారా?" అని అడిగారు గావ్ గారు. ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

తుక్కు కాగితాల సొరుగు తెరిచాను. ఎర్ర అంచు ఉన్న సగం మిగిలి ఉంది. మూరెడు కాస్తా జానెడు అయింది. అది చూసి ఆయన కుర్చీలో కూర్చుండిపోయారు.

మరుసటి వారం మాస్టర్ వచ్చాక అంతా చెప్పాను. డేకేర్ ఫోన్ సంగతి కూడా చెప్పాను.

"పిల్ల కోసం వెళ్లడం తప్పు కాదు. వెళ్లే ముందు 'ఖాళీ' అని రాయడం తప్పు," అన్నారు. "ఇప్పుడు దాన్ని నువ్వే తిరిగి పెట్టు."

జానెడు చోటు

ఆ జానెడు ముక్కకు వెనక పలుచటి కాగితం వేసి చెక్కకు అతికించాం. ఆరడానికి మూడు వారాలు. హెయిర్ డ్రయ్యర్ పెడితే మూడు రోజులు, కానీ చిరిగిపోవచ్చు. ఆ మూడు వారాలూ గావ్ గారు రోజూ ఫోన్ చేశారు.

"ఇవాళ వాడు చెంచా కింద పడేశాడు. ఇంకెన్ని రోజులు?"

"పద్దెనిమిది."

"మీకు లెక్క బాగా వచ్చు. వాడి దగ్గర నేర్చుకున్నారా?"

నిద్రలో కూడా ఆ చెక్కే కనిపించేది. ఒకసారి మాస్టర్ లేనప్పుడు డ్రయ్యర్ ప్లగ్ పెట్టాను కూడా. ఆన్ చేయలేదు. అది నా గొప్ప కాదు, ఆయన కారు వచ్చిన చప్పుడైంది.

కాగితం సిద్ధమయ్యాక నేనే కేర్ హోమ్‌కు తీసుకెళ్లాను. డేకేర్ సెలవు కావడంతో మీనూ కూడా నా చంకలో. షెన్ గారు సన్నగా, వీల్‌చైర్‌లో కోటు వేసుకుని సిద్ధంగా ఉన్నారు. గావ్ గారు సంగతంతా ముందే చెప్పేశారు. నేను క్షమాపణ మొదలుపెట్టగానే ఆయన జానెడు కాగితం చేతిలోకి తీసుకుని నవ్వారు.

"ముప్పై ఏళ్లుగా అంత చోటు ఎలా నింపాలో తెలియక చచ్చాను. సగం మీరే తగ్గించారు. థాంక్యూ."

"వినకండి," అన్నారు గావ్ గారు. "వీడు ఎప్పుడూ ఇంతే. తప్పు చేసినవాళ్లను కూడా ఓడనివ్వడు."

సిరా నన్ను అరగదీయమన్నారు. నేను చట్నీ రుబ్బినట్టు గబగబా తిప్పాను. నాలుగు చుక్కలు బల్ల మీద పడ్డాయి.

"ఎవరైనా తరుముతున్నారా మిమ్మల్ని?" అన్నారు షెన్ గారు.

నెమ్మదిగా తిప్పాను. మీనూ గావ్ గారి కళ్లజోడు లాగుతోంది. ఆ జబ్బు ఉన్నవాళ్ల రాత చిన్నదైపోతుందట. షెన్ గారు కుంచె పట్టుకుని, ఎడమ చేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని, చీమల బారులాంటి అక్షరాలు రాశారు. కుడి అంచు దగ్గర, ముద్రలకు ఆనుకునేంత దగ్గర మొదలుపెట్టారు. రెండు వరుసలే. గావ్ గారు వంగి చదివి నాకు చెప్పారు: "నలుగురిలో ఆఖరున వచ్చాను. టీ ఇంకా చల్లారలేదు."

వెంటనే స్నేహితుడి వైపు తిరిగారు. "ముప్పై ఏళ్లు ఆలోచించి టీ గురించి రాశావా!"

"నువ్వు వెదురు గురించి రాశావు. అక్కడ వాషింగ్ మెషీన్ ఉంది."

ఇద్దరూ నవ్వారు. షెన్ గారి చేతిలోంచి కుంచె జారి దుప్పటి మీద పడింది. ఆయన దాన్ని మళ్లీ తీయబోలేదు.

అతుకు

కొత్త సిరా మీద తడి చేరితే పారుతుంది. పద్ధతి ప్రకారం ఆరు నెలలు ఆగి అతికించాలి. ఆరు నెలలు షెన్ గారి దగ్గర లేవు, ఆయనకు స్క్రోల్ మొత్తం ఒకసారి చూడాలని ఉంది. అంచుకు మాత్రం, దాదాపు పొడిగా ఉన్న గంజితో అతికించడానికి మాస్టర్ ఒప్పుకున్నారు. ముద్రలకూ మొదటి అక్షరానికీ మధ్య వేలెడు చోటు కూడా లేదు.

నేనే అతికించాను. మొదటి ముద్ర కలిసింది. రెండోది, మూడోది కలిశాయి. నాలుగోది, షెన్ గారి ముద్ర, వెంట్రుకవాసి కిందికి జరిగింది. రెండుసార్లు తడిసి ఆరిన కాగితం అడుగు వైపు కాస్త సాగింది. అది నేను మొదట విడదీసిన కారణంగా జరిగిన సాగుడు. ఇంకెవరి తప్పూ కాదు.

చేతిలో తడి కుంచె ఉంది. ఇంకాస్త తడిపి కింది భాగాన్ని పైకి నెడితే ముద్ర కలుస్తుంది. గంజి పట్టేలోపు ఒకటి రెండు నిమిషాలే. అప్పటికే తడి నీడలా మొదటి అక్షరం వైపు పాకుతోంది.

"మాస్టర్, ఏం చేయమంటారు?"

"నీకు కనిపిస్తోంది కదా," అన్నారు. ఆయన దగ్గరికి కూడా రాలేదు.

నేను చేసిన ప్రతి తప్పునూ అదే రోజు సరిదిద్దుకోవాలనుకునే మనిషిని. సరిగ్గా కలవని ముద్రను చూస్తూ ఉండడం నాకు ఒంటి మీద చీమలు పాకినట్టు ఉంటుంది. కుంచె పక్కన పెట్టి, పొడి కాగితం వేసి, బరువు పెట్టాను. అక్షరం నిలిచింది. ముద్ర అలాగే ఉండిపోయింది.

నేను ఉద్యోగం మానేసింది దీనివల్ల కాదు. పాపకు ఆస్తమా ఉందని తేలింది, ఆ పని గంటలు చూసుకుని వచ్చే పని కాదు. దీని తర్వాత ఇంకో ఏడాది చేశాను, ఆ ఏడాదే బాగా చేశానని నా నమ్మకం. హారికా, రిపోర్టులో "ఖాళీ" అని రాసేముందు ఆ ఖాళీ ఎవరిదో అడుగు. పాప దగ్గరికి పరుగెత్తాల్సి వస్తే పరుగెత్తు. ఆ గడిని మాత్రం రాయకుండా వదిలి వెళ్లు.

అతుకు ఆరాక స్క్రోల్ తీసుకుని నేనూ గావ్ గారూ కేర్ హోమ్‌కు వెళ్లినరోజు మంచు కరుగుతోంది. గావ్ గారు బల్ల మీద కుడి నుంచి ఎడమకు కొంచెం కొంచెంగా విప్పారు. షెన్ గారి వేలు అతుకు మీద నెమ్మదిగా కిందికి జరిగి నాలుగో ముద్ర దగ్గర ఆగింది.

"ఇక్కడ ఎవరు కదిలారు?"

"నేనండీ," అన్నాను. "సరిచేస్తే మీ అక్షరం పోయేది."

ఆయన వేలితో ఆ తేడా కొలిచారు. "ఆదివారాలు కూడా నేను కాస్త జరిగే కూర్చునేవాణ్ణి. వీడి సిగరెట్ పొగ పడేది కాదు."

"అబద్ధం," అన్నారు గావ్ గారు. "ఆట ఓడిపోయినప్పుడే జరిగేవాడు."

తర్వాత షెన్ గారు స్క్రోల్ తానే చుడతానన్నారు. వణికే వేళ్లతో మొదలుపెట్టారు. వదులుగా వచ్చింది, ఒక పక్క జారింది. విప్పి మళ్లీ మొదలుపెట్టారు. డేకేర్ మూసే టైమ్ దగ్గర పడుతోంది. సాయానికి చెయ్యి చాపబోయాను, గావ్ గారు నా వైపు చూసి తల అడ్డంగా ఊపారు. ఆయన స్నేహితుడు ముగించేదాకా నా రెండు చేతులూ కోటు జేబుల్లోనే ఉంచుకుని నిలబడ్డాను.